నెవార్క్ సెయింట్ బెనెడిక్ట్స్: ఊరు విడిచి వెళ్లని వారి బడి



అమెరికాలో పిల్లలున్న మన సంఘస్థులలో చాలామందికి నెవార్క్ అనే పేరు కొత్త కాదు. న్యూజెర్సీలో ఉన్న కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో వెళ్లేవారిలో ఎందరో దిగేది నెవార్క్ విమానాశ్రయంలోనే. దిగుతారు, సామాన్లు తీసుకుంటారు, కారెక్కి ఎడిసన్ వైపు వెళ్లిపోతారు. ఊరు మాత్రం ఎవరూ చూడరు. చూడాలని అడిగినా, "అటు మనకేం పని నాన్నా" అంటారు పిల్లలు. ఆ ఊరికి చాలాకాలంగా ఉన్న పేరు అలాంటిది.

ఆ ఊరి నడిబొడ్డున, కేథలిక్ సన్యాసుల మఠాన్ని ఆనుకుని ఒక పాఠశాల ఉంది. పేరు సెయింట్ బెనెడిక్ట్స్ ప్రిపరేటరీ స్కూల్. 1868లో మగపిల్లల కోసం మొదలైంది. 1972లో మూతపడింది. మరుసటి సంవత్సరమే మళ్లీ తెరుచుకుంది. మూతపడిన బడికీ తెరుచుకున్న బడికీ పేరు ఒకటే, గోడలూ అవే. కానీ అది ఎవరి కోసం ఉందనే విషయం మారిపోయింది. మన పట్టణ సంఘాలూ మన మిషన్ పాఠశాలలూ తెలుసుకోవలసిన సంగతి ఇందులో ఉంది గనుక, ఈ వారం ఈ పుటను దానికే కేటాయిస్తున్నాను.

వలసవారి కోసం పుట్టిన బడి

నెవార్క్ పాత ఊరు. 1666లో ప్యూరిటను విశ్వాసులు కొందరు దీనిని స్థాపించారు. న్యూయార్కు మన్‌హాటన్‌కు పడమరగా పది మైళ్ల దూరంలో, పసాయిక్ నది ఒడ్డున ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో తోళ్ల పరిశ్రమ, నగల తయారీ, బీరు కార్ఖానాలు ఇక్కడ పెరిగాయి. ఆ పనుల కోసం ఐర్లండు నుంచి, జర్మనీ నుంచి పేదవారు ఓడలెక్కి వచ్చారు. వారిలో చాలామంది కేథలిక్కులు.

వచ్చినవారిని ఊరు ఆదరంగా చూడలేదు. కేథలిక్కులంటే అప్పటి అమెరికన్లలో అనేకులకు గిట్టేది కాదు. 1854లో ఒక ఊరేగింపుగా వచ్చిన గుంపు జర్మను కేథలిక్కుల సెయింట్ మేరీస్ దేవాలయంలోకి చొరబడి లోపలి సామగ్రిని ధ్వంసం చేసింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి: ఆ గుంపులోనివారు ప్రొటెస్టెంటులు.

ఆ దేవాలయాన్ని చూసుకుంటున్నది బెనెడిక్టీన్ సన్యాసులు. దాని పక్కనే 1868లో వారు బడి తెరిచారు. వలస వచ్చిన కూలీల పిల్లలు, ఎవరికీ అక్కరలేని భాషతో, ఎవరికీ నచ్చని మతంతో ఉన్న పిల్లలు, ఆ బడిలో చదువుకుని వకీళ్లయ్యారు, వైద్యులయ్యారు, గురువులయ్యారు. పరదేశి కొడుక్కి తలెత్తుకునే చోటు ఇవ్వడమే ఆ బడి పుట్టుక వెనుక ఉన్న సంగతి. ఈ మాట గుర్తుంచుకోండి. నూరేళ్ల తర్వాత ఆ బడి పెద్దలు సరిగ్గా దీన్నే మరచిపోయే ప్రమాదంలో పడ్డారు.

ఊరు మారింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెవార్క్ రూపు మారసాగింది. దక్షిణ రాష్ట్రాల నుంచి నల్లజాతి కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చాయి. అదే సమయంలో కార్ఖానాలు ఒక్కొక్కటిగా తరలిపోయాయి. కొత్త రహదారులు పడ్డాయి, శివార్లలో కొత్త ఇళ్లు లేచాయి. ఆ ఇళ్లకు బ్యాంకులు తెల్లవారికి సులువుగా అప్పులిచ్చాయి, నల్లవారికి ఇవ్వలేదు. 1950లో నెవార్క్ జనాభా దాదాపు 4,38,000. తర్వాతి ఇరవై ఏళ్లలో తెల్లవారు పెద్ద ఎత్తున వెళ్లిపోయారు. 1970 నాటికి ఊళ్లో సగానికి మించి నల్లజాతివారే. అయినా అధికారం, పోలీసు, ఉద్యోగాలు ఇంకా పాత చేతుల్లోనే ఉన్నాయి.

1967 జూలై 12 రాత్రి ఒక నల్లజాతి టాక్సీ డ్రైవరును పోలీసులు పట్టుకుని కొట్టారు. అతడు చనిపోయాడన్న పుకారు వీధులకు పాకింది. ఎన్నాళ్లుగానో అణచిపెట్టిన కోపం బద్దలైంది. జూలై 17 వరకు ఊరు మండింది. నేషనల్ గార్డ్ సైనికులు తుపాకులతో వీధుల్లోకి దిగారు. 26 మంది చనిపోయారు. వందల మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు నల్లజాతివారు.

సెయింట్ బెనెడిక్ట్స్ ఉన్నది ఆ మంటల మధ్యనే. బడి ముందున్న వీధికి అప్పటి పేరు హై స్ట్రీట్. తర్వాతి కాలంలో దానికి డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టారు. కింగ్ గారు 1968 మార్చి 27న నెవార్క్ వచ్చి వెళ్లారు. ఎనిమిది రోజుల తర్వాత మెంఫిస్‌లో ఆయనను కాల్చి చంపారు.

మూసివేత

అల్లర్ల నాటికి బడిలో చదువుతున్నవారిలో ఎక్కువమంది తెల్ల కుటుంబాల పిల్లలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైళ్లలో, బస్సుల్లో వచ్చేవారు. బడి గోడకు అవతల ఉన్న ఇళ్ల పిల్లలు తక్కువ. అల్లర్ల తర్వాత తల్లిదండ్రులు భయపడ్డారు. పిల్లల సంఖ్య పడిపోయింది. ఫీజులు తగ్గాయి, ఖర్చులు తగ్గలేదు.

డబ్బు ఒక్కటే చిక్కు కాదు. మఠంలోనే అభిప్రాయాలు చీలాయి. చుట్టూ ఉన్న నల్లజాతి పిల్లల కోసం బడిని మార్చాలని కొందరన్నారు. మారిస్తే మన ప్రమాణాలు ఏమవుతాయని కొందరన్నారు. ఇక్కడ మన పని అయిపోయిందని కొందరన్నారు. చెడ్డవారూ మంచివారూ అని విడదీసి చూసే గొడవ కాదిది. ఏళ్ల తరబడి ఒకే బల్ల దగ్గర భోజనం చేసి, ఒకే గుడిలో కీర్తనలు పాడిన సహోదరుల మధ్య వచ్చిన చీలిక.

1972లో బడి మూసేశారు. దాదాపు సగం మంది సన్యాసులు ఊరు విడిచి వెళ్లారు. వెళ్లినవారిలో ఎక్కువమంది చేరింది మోరిస్‌టౌన్‌లోని బెనెడిక్టీన్ మఠం. అది పచ్చని శివారు ప్రాంతం. అక్కడ ఆ సభవారికే మరో మంచి బడి ఉంది. వెళ్లడానికి చోటు ఉంది, కారణం ఉంది, ఎవరూ తప్పు పట్టేవారు కూడా లేరు.

అయినా కొందరు వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదు?

ఇది తెలియాలంటే పదిహేను వందల ఏళ్లు వెనక్కు వెళ్లాలి. బెనెడిక్ట్ అనే సన్యాసి సుమారు క్రీ.శ. 480లో ఇటలీలోని నుర్సియాలో పుట్టాడు. రోమా సామ్రాజ్యం కూలిపోయిన కాలం అది. ఊళ్లు పాడయ్యాయి, జనం చెల్లాచెదురయ్యారు. సన్యాసులలో కూడా ఒకచోట నిలవని తిరుగుబోతులు ఎక్కువయ్యారు. ఈ వారం ఒక మఠం, వచ్చే వారం మరొకటి. మోంటే కసీనో కొండ మీద తన మఠం కోసం బెనెడిక్ట్ ఒక చిన్న నియమావళి రాశాడు. మొత్తం 73 అధ్యాయాలు. సెమినరీలో సంఘ చరిత్ర చదివిన ప్రతి సేవకుడూ దాని పేరు పరీక్ష కోసమైనా నేర్చుకునే ఉంటాడు.

ఆ నియమావళి 58వ అధ్యాయం ప్రకారం, మఠంలో చేరేవాడు చేసే ప్రమాణాల్లో ఒకటి స్థిరవాసం. అంటే, ఈ సహోదరులతో, ఈ చోటే, చచ్చేవరకు ఉంటానని దేవుని ముందు మాట ఇవ్వడం. చోటు బాగున్నంత కాలం ఉంటానని కాదు. పక్కింటివారు నచ్చినంత కాలం ఉంటానని కాదు.

నెవార్క్‌లో మిగిలిపోయిన పిడికెడు మందికి చేతిలో ఉన్నది ఆ ప్రమాణం ఒక్కటే. బడి లేదు. డబ్బు లేదు. పెద్ద పథకం కూడా లేదు. మనం ఇక్కడే ఉంటామని దేవునికి మాట ఇచ్చాం గనుక, ఇక్కడ ఉన్న పిల్లలకు ఏం చేయాలి? వారు ముందు పెట్టుకున్న ప్రశ్న ఇదే. బడికి తగిన పేట ఎక్కడ దొరుకుతుందని వారు వెతకలేదు. ఈ పేటకు తగిన బడి ఎలా ఉండాలని అడిగారు.

1973 వేసవిలో బడి మళ్లీ తెరిచారు. వచ్చింది 89 మంది పిల్లలు. ప్రధానోపాధ్యాయుడిగా నిలబెట్టింది ఎడ్విన్ లేహీ అనే సన్యాసిని. ఆయనకు అప్పుడు 26 ఏళ్లు. ఆ బడిలోనే చదివి 1963లో బయటికి వచ్చినవాడు. ఆ యువకుడే తర్వాత దశాబ్దాల పాటు ఆ బడిని నడిపించాడు. అంత చిన్నవాడిని ఎంచుకోవడం కూడా నియమావళికి తగినదే. ముఖ్యమైన విషయాలకు మఠమంతటినీ పిలిచి అడగాలని, మేలైన మార్గాన్ని ప్రభువు తరచుగా చిన్నవారికే తెలియజేస్తాడని దాని మూడో అధ్యాయం నేర్పుతుంది.

పిల్లలే నడిపే బడి

కొత్తగా తెరిచిన బడిలో ఒక సూత్రం పెట్టుకున్నారు: పిల్లలు తమంతట తాము చేసుకోగలిగిన పనిని పెద్దలు చేయకూడదు. వినడానికి ఇది చిన్న మాట. పట్టుగా అమలు చేస్తే బడి స్వరూపమే మారిపోతుంది.

బడిలోని పిల్లలందరినీ చిన్న చిన్న గుంపులుగా విభజించారు. ప్రతి గుంపులోనూ అన్ని తరగతుల పిల్లలూ ఉంటారు. గుంపుకు పెద్ద తరగతి విద్యార్థి ఒకడు నాయకుడు. ఆ నాయకులందరి మీద మరో విద్యార్థి నాయకుడు. నియమావళి 21వ అధ్యాయంలో, మఠం పెద్దదైతే పదిమందికొకరు చొప్పున పెద్దలను ఏర్పాటు చేసుకోమని ఉంది. మోషేకు అతని మామ యిత్రో ఇచ్చిన సలహా మనకు గుర్తొస్తుంది (నిర్గమ 18).

ప్రతి ఉదయం బడి అంతా వ్యాయామశాలలో కూడుకుంటుంది. ప్రార్థన ఉంటుంది, లేఖన పఠనం ఉంటుంది, నల్లజాతి సంఘాల పాటల ఒరవడిలో గొంతెత్తి పాడడం ఉంటుంది. సభను నడిపేది విద్యార్థులే. హాజరు తీసుకునేది కూడా వారే. ఒక పిల్లవాడు రాకపోతే వాడు ఎక్కడున్నాడు, ఎందుకు రాలేదని మొదట జవాబు చెప్పవలసింది వాడి గుంపు నాయకుడు. ఆఫీసు గుమాస్తా కాదు. నా సహోదరునికి దెబ్బ తగిలితే నాకు తగిలినట్టే అన్న అర్థం వచ్చే మాట ఆ బడి గోడ మీద ఉంటుంది. హాజరు పట్టీ దగ్గరే అది నిజమో కాదో తేలిపోతుంది.

హేబెలు ఎక్కడున్నాడని దేవుడు కయీనును అడిగినప్పుడు అతడిచ్చిన జవాబు మనకు తెలుసు. అలా తప్పించుకునే అవకాశం లేకుండా ఈ బడి ప్రతి పిల్లవాడినీ ఉదయాన్నే అదే ప్రశ్న అడుగుతోంది.

నేల మీద పడక, కొండ దారి

ఆ బడి సంవత్సరం దాదాపు పదకొండు నెలలు. మామూలు అమెరికా బడులకు రెండు నెలలకు పైగా వేసవి సెలవులుంటాయి. ఇక్కడ జూలైలోనే తరగతులు మొదలవుతాయి. వేసవిలో వీధికి వదిలేస్తే పిల్లవాడికి వీధి ఏం నేర్పుతుందో వారికి తెలుసు. వసంతకాలంలో కొన్ని వారాలు మామూలు పాఠాలు ఆపి, ఒకే పనినో ఒకే విషయాన్నో లోతుగా నేర్చుకుంటారు.

కొత్తగా హైస్కూలులో చేరినవారు మొదటి వారం ఇంటికి వెళ్లరు. వ్యాయామశాల నేల మీదే పడక. ఆ కొద్ది రోజుల్లో బడి చరిత్ర, బడి పాటలు, తోటివారందరి పేర్లు నేర్చుకోవాలి, పరీక్షకు నిలవాలి. వారికి నేర్పేది, రాత్రి కాపలా ఉండేది పై తరగతుల పిల్లలే. చిన్నప్పుడు యూత్ రిట్రీటులో చర్చి నేల మీద చాప పరచుకుని పడుకున్న మనలో చాలామందికి ఇది అర్థమవుతుంది. పక్కన ఎవరు గురక పెట్టారో, అర్ధరాత్రి ఎవరు ఏడ్చారో తెలిసినవారు మళ్లీ పరాయివారు కాలేరు.

ఆ సంవత్సరం చివర్లో మరో పరీక్ష. అపలేచియన్ అనే కొండల వరుస మీదుగా సాగే ప్రసిద్ధమైన కాలిబాట ఒకటి న్యూజెర్సీ ఉత్తర భాగం గుండా పోతుంది. దాని మీద 50 మైళ్లకు పైగా నడవాలి. అయిదు రోజులు. మూటలు వారే మోయాలి, డేరాలు వారే వేయాలి, వంట వారే చేసుకోవాలి. చిన్న జట్లుగా వెళతారు, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో బాధ్యత. అందరికంటే ముందు వెళ్లేవాడికి బహుమతి ఏమీ లేదు. జట్టు మొత్తం కలిసి చేరాలి. కాలు నొప్పి పెట్టినవాడి మూట మరొకడు పంచుకోవాలి. గలతీ పత్రిక ఆరో అధ్యాయం మీద మనం ఎన్ని ప్రసంగాలు చేసినా, తోటివాడి మూట భుజం మీద వేసుకుని కొండ ఎక్కినవాడికి తెలిసినంతగా మన సంఘస్థులకు తెలియకపోవచ్చు.

కనబడని గాయాలు

ఈ బడిని పొగిడేవారు ఎక్కువగా దాని క్రమశిక్షణను పొగుడుతారు. ఆటలనూ చెబుతారు. అమెరికా జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన టాబ్ రామోస్, క్లాడియో రేనా, గ్రెగ్ బర్‌హాల్టర్ ఇక్కడి పిల్లలే. ఇక్కడ చదువు ముగించినవారిలో దాదాపు అందరూ కాలేజీకి వెళతారు. చుట్టూ ఉన్న పరిస్థితులు తెలిసినవారికి అది చిన్న విషయం కాదు.

కానీ నా మనసును ఎక్కువగా తాకింది వేరే విషయం. ఆ బడిలో మానసిక నిపుణులతో, సలహాదారులతో ఒక విభాగమే ఉంది. తండ్రి ముఖం తెలియని పిల్లలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి ఏర్పాటు ఉంది. కుంగుబాటుతో ఉన్నవారికి, ఇంట్లో ఎవరినో పోగొట్టుకున్నవారికి, కోపం అదుపు కానివారికి వినేవారున్నారు. ఇంట్లో పరిస్థితి బాగోలేని పిల్లలు ఉండడానికి బడి ఆవరణలోనే వసతిగృహం ఉంది.

గాయపడిన పిల్లవాడి తలలోకి లెక్కలు ఎక్కవని ఆ సన్యాసులు తొందరగానే గ్రహించారు. మనం ఇంకా గ్రహించాలి. మన సండేస్కూలులో వెనక బెంచీ మీద కూర్చుని అల్లరి చేసే పిల్లవాడిని వాక్యం కంఠతా రాలేదని ఎన్నిసార్లు నిలబెట్టాం? రాత్రి వాడి ఇంట్లో ఏం జరిగిందని ఎన్నిసార్లు అడిగాం? బెనెడిక్ట్ నియమావళి మొదటి పాఠం వినడం గురించే. దేవుని మాట వినమని శిష్యునికి చెప్పిన ఆ పాఠాన్ని, ఇక్కడి గురువులు పిల్లల మాట వినడంలో కూడా ఆచరిస్తున్నారు.

ఎవరిని చేర్చుకుంటారు?

చదువుకుంటున్న పిల్లల్లో ఎక్కువమంది నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలున్నవారు. వారిలో చాలామంది కేథలిక్కులు కారు. బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, ఏ సంఘానికీ వెళ్లనివారు అందరూ ఉన్నారు. ఒకప్పుడు ప్రొటెస్టెంటుల గుంపు ధ్వంసం చేసిన దేవాలయం నీడలో ఇవాళ ప్రొటెస్టెంటుల పిల్లలు చదువుకుంటున్నారు. ప్రతి అతిథినీ క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోమని నియమావళి 53వ అధ్యాయం చెబుతుంది. మనకు వారి సిద్ధాంతాలతో భేదాలున్నాయి, ఉంటాయి. కానీ ఆతిథ్యం విషయంలో వారి ముందు మనం తల వంచవలసిందే.

మగపిల్లల బడిగా దాదాపు 150 ఏళ్లు నడిచిన తర్వాత మరో తలుపు తెరవవలసి వచ్చింది. పక్క ఊరైన ఎలిజబెత్‌లో బెనెడిక్టీన్ సన్యాసినులు నడిపిన ఆడపిల్లల ఉన్నత పాఠశాల 2020లో మూతపడింది. చదువు ఆగిపోయే స్థితిలో ఉన్న ఆ ఆడపిల్లలు తమను చేర్చుకోమని సెయింట్ బెనెడిక్ట్స్‌ను కోరారు. ఆ సంవత్సరమే ఆడపిల్లల కోసం ప్రత్యేక విభాగం మొదలైంది. అది కరోనా కాలం. వద్దనడానికి వందేళ్ల సంప్రదాయం చేతిలో ఉంది. అయినా వద్దనలేదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి

ఒక బడిని ఆకాశానికెత్తి వదిలేయడం న్యాయం కాదు. తల్లిదండ్రులు కట్టే ఫీజుతో ఆ బడి నడవదు. ఎక్కువమందికి రాయితీ ఇవ్వాలి గనుక, పూర్వ విద్యార్థుల చందాలు, దాతల సహాయం ప్రతి సంవత్సరం వెతుక్కోవలసిందే. ఒక పెద్ద నగరంలోని వేల మంది పిల్లల్లో ఈ బడికి రాగలిగేది కొన్ని వందల మంది. మిగిలినవారి సంగతి ఏమిటన్న ప్రశ్నకు ఒక బడి జవాబు చెప్పలేదు. అది ప్రభుత్వం చెప్పవలసిన జవాబు. మరో సంగతి, అమెరికాలో సన్యాస జీవితానికి వచ్చే యువకులు తగ్గిపోయారు. నియమావళి ప్రకారం బ్రతికేవారు తగ్గితే, నియమావళి మీద కట్టిన బడి ఎలా నిలుస్తుందన్నది వారి ముందున్న పెద్ద ప్రశ్న.

2014లో ఈ బడి మీద "ద రూల్" అనే డాక్యుమెంటరీ వచ్చింది. 2016లో అమెరికా టీవీలో ప్రసిద్ధమైన "60 మినిట్స్" కార్యక్రమం దీని కథను దేశమంతటికీ చూపించింది. పేరు వచ్చింది. అయితే పేరు రాకముందు నలభై ఏళ్లపాటు, ఎవరూ చూడనప్పుడు, ఆ పిడికెడు మంది ప్రతి ఉదయం వెళ్లి ఆ తలుపు తెరిచారు. మనం గమనించవలసింది ఆ నలభై ఏళ్లను.

మన మాటేమిటి?

మన నగరాల్లో కూడా పేరున్న కేథలిక్ బాలుర పాఠశాలలున్నాయి. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్, సికింద్రాబాదులో సెయింట్ పాట్రిక్స్ తెలియనివారు తక్కువ. ప్రొటెస్టెంటు మిషన్ల బడులు కోస్తాలోనూ రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఎన్నో ఉన్నాయి. మన తాతముత్తాతలు మొదటిసారి పలక పట్టింది అలాంటి బడుల్లోనే. ఇంకెవరూ గడప తొక్కనివ్వని రోజుల్లో మనల్ని చాప మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించినవారికి మనమందరం ఋణపడి ఉన్నాం.

ఇప్పుడు మనం చదువుకున్నాం. ఉద్యోగాలు వచ్చాయి. పాత పేట వదిలి శివార్లలో ఫ్లాట్లు కొనుక్కున్నాం. ఆదివారం మాత్రం కారులో పాత చర్చికి వస్తాం. ఆరాధన ముగియగానే వెళ్లిపోతాం. చర్చి గోడ అవతల ఇప్పుడెవరున్నారు? శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చిన కూలీలు. కట్టుబడి పనులకు పోయే తల్లులు, వీధిలో ఆడుకునే పిల్లలు. వారి పిల్లలు మన బడికి ఫీజు కట్టలేరు. మన చర్చి గేటుకు వారం రోజులూ తాళం.

"పేట పాడైపోయింది పాస్టరుగారూ, స్థలం అమ్మేసి బయట కొనుక్కుందాం" అన్న మాట నేను నా పరిచర్యలో ఒకటికి రెండుసార్లు విన్నాను. అన్నవారు చెడ్డవారు కాదు. లెక్కలు వేసే అన్నారు. లెక్కల ప్రకారం అది సరైనదే కావచ్చు. నేను కూడా ఒకసారి తల ఊపాను. ఇవాళ ఆ సంగతి రాస్తుంటే చేయి కొంచెం వణుకుతోంది.

జీతగాడికీ కాపరికీ తేడా ఏమిటో ప్రభువు యోహాను సువార్త పదో అధ్యాయంలో చెప్పాడు. ఆ తేడా మంచి రోజుల్లో కనబడదు. తోడేలు వచ్చినప్పుడే తెలుస్తుంది. బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం కూడా గుర్తు చేసుకుందాం (యిర్మీయా 29). తమకు నచ్చని ఊళ్లో ఇళ్లు కట్టుకోమని, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించమని దేవుడు వారికి చెప్పించాడు. మనం మాత్రం మనకు నచ్చిన ఊరి క్షేమం కోసమే ప్రార్థిస్తున్నాం.

ప్రతి సంఘమూ బడి పెట్టలేదు, పెట్టనక్కరలేదు కూడా. కానీ వచ్చే కమిటీ మీటింగులో సంఘ పెద్దలు మూడు ప్రశ్నలు అడగవచ్చు. మన చర్చి చుట్టూ నూరు అడుగుల దూరంలో ఉన్న పిల్లల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? మన యువకులకు మనం అప్పగించిన పని కుర్చీలు సర్దడమేనా, లేక ఒక చిన్నవాడి బాధ్యత కూడానా? మన ఆవరణ సోమవారం నుంచి శనివారం వరకు ఎవరికి ఉపయోగపడుతోంది? సాయంత్రం రెండు గంటలు గేటు తీసి, లైటు వేసి, హోంవర్కు చేసుకునే చోటు ఇస్తే చాలు. ఒక కాలేజీ విద్యార్థి పక్కన కూర్చుంటే చాలు. రాని పిల్లవాడి ఇంటికి మరుసటి రోజు ఒకరు వెళ్లి పలకరిస్తే చాలు. నెవార్క్‌లో కూడా మొదలైంది 89 మందితోనే.

ఈసారి అమెరికా వెళ్లినప్పుడు నెవార్క్‌లో దిగితే, కారు అద్దంలోంచి ఆ ఊరివైపు ఒక్కసారి చూడండి. అక్కడ కొందరు దేవునికి ఇచ్చిన మాట కోసం ఊరు విడిచి వెళ్లలేదని మీ పిల్లలకు చెప్పండి. ఇంటికి తిరిగి వచ్చాక, మన పాత చర్చి గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

మనల్ని నిలిపిన చోట నిలిచి ఉండే కృప దేవుడు మనకు దయచేయును గాక. ఆమెన్.